మూడు కాలువల ఊళ్లో కారు లేకుండా ఒక్క రోజులో పనులన్నీ చక్కబెట్టుకోవడం ఎలా

ఊరగాయ జాడీని ఒళ్లో పెట్టుకుని బ్యాంకులో గంటన్నర కూర్చున్న రోజున నాకు జ్ఞానోదయమైంది. ఆ రోజు పొద్దున్నే బెజవాడ వన్‌టౌన్‌లో దిగాను. ఐదు కిలోల జాడీ బేరమాడి కొని, చంకనెత్తుకుని గవర్నరుపేట వచ్చాను. టోకెను చేతికిచ్చిన గుమాస్తా జాడీ వంక చూసి, "లాకరులో పెడతారా మాస్టారూ?" అన్నాడు. అక్కడి నుంచి కళ్లజోడు కొట్టు, తర్వాత పోస్టాఫీసు, ఆపైన గాంధీనగర్‌లో ఒక మెట్ల మేడ. అన్నిచోట్లా జాడీ నాతోనే. ఇంటికి చేరేసరికి మూత లేదు. ఎక్కడ జారిందో దుర్గమ్మకే తెలియాలి.

పనుల్లో తప్పు లేదు. తప్పంతా వరుసలోనే. ఆ తర్వాత వరుస సరిచేసుకున్నాను. బెజవాడలో కారు, స్కూటరు లేకుండా ఒక్క రోజులో ఆరేడు పనులు పూర్తిచేసి, సాయంత్రం దీపాల వేళకు ఇంట్లో కాళ్లు కడుక్కోవచ్చు.

ముందు ఊరిని లంకలుగా చూడండి

బెజవాడ దీవి కాదు గానీ, నడిచి తిరిగేవాడికి ఇది లంకల గుంపే. దక్షిణాన కృష్ణ, ఉత్తరాన బుడమేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పుట్టిన బందరు, రైవస్, ఏలూరు కాలువలు మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి. ఇవి చాలవన్నట్టు రైలు పట్టాలు వన్‌టౌన్‌ను మిగతా ఊరి నుంచి కోసేస్తాయి. బస్టాండు పక్కనున్న పేటకు కృష్ణలంక అని ఊరికే పేరు రాలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. అదే సమయంలో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. లంక అంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో ఊరందరికీ తెలిసొచ్చింది.

మామూలు రోజుల్లో నీటి భయం లేదు, వంతెనల భయమే. పటంలో అరకిలోమీటరు కనిపించేది వంతెన దగ్గర ఇరవై నిమిషాలు మింగేస్తుంది. అందుకే నేను దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టడం మానేసి, ఎన్ని వంతెనలు దాటాలి అని లెక్కపెడతాను. నా లెక్కలో ఊరికి ఐదు లంకలు: బస్టాండు–కృష్ణలంక ఒకటి; బీసెంట్ రోడ్డు చుట్టూ గవర్నరుపేట, సూర్యారావుపేట ఒకటి; గాంధీనగర్, సత్యనారాయణపురం వైపు ఒకటి; వన్‌టౌన్ ఒకటి; బెంజి సర్కిల్ నుంచి పటమట, ఆటోనగర్ దాకా ఒకటి. ఒక్కో లంకలో రోజుకు ఒక్కసారే అడుగుపెట్టాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పని అయినట్టే.

ముందురోజు రాత్రి: కాగితం

ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా మడిచి గడులు చేయండి. ఒక్కో గడికి ఒక్కో లంక పేరు పెట్టి, పనులను ఆ గడుల్లో పంచండి. "ముఖ్యమైనవి ముందు" అన్న ఆలోచన ఈ ఒక్క రోజుకు పక్కన పెట్టండి. ఎంత ముఖ్యమైనదైనా అటువైపు వెళ్లినప్పుడే అవుతుంది.

ఇప్పుడు ప్రతి పని పక్కనా గుర్తు పెట్టండి. ఇచ్చి రావలసిన పనికి "నా", అంటే నానబెట్టేది. అక్కడే నిలబడి చేయించుకోవలసిన దానికి "రు", అంటే రుబ్బేది. బరువు మోయవలసిన దానికి "బ". పప్పు రాత్రి నానబోస్తేనే కదా పొద్దున రుబ్బేది! పనులూ అంతే. గడియారానికి బ్యాటరీ, కళ్లజోడుకు కొత్త అద్దాలు, మిక్సీ జారు బ్లేడు, కాగితాల బైండింగు నానబెట్టే పనులు. ఆ లంకలో కాలు పెట్టగానే వీటిని అప్పగించి, రుబ్బే పనుల మీదికి వెళ్లాలి. బ్యాంకు, పోస్టాఫీసు రుబ్బే పనులు. మీరు నిలబడకపోతే అవి నడవవు. అవి పూర్తయ్యేసరికి నానినవి సిద్ధంగా ఉంటాయి. చాలామంది తిప్పలు ఎందుకంటే, బ్యాంకు నుంచి బయటికొచ్చాక కళ్లజోడు ఇచ్చి, "గంటలో రండి" అనిపించుకుని, ఆ గంటంతా బీసెంట్ రోడ్డులో అక్కర్లేనివి కొంటూ గడపడం. "బ" గుర్తున్నవి ఏ లంకవైనా చిట్టచివరికి వెళ్లాలి. జాడీ నేర్పిన పాఠం.

కాగితం పూర్తయ్యాక దాన్ని తగ్గించండి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఫోనులోనే కట్టేయవచ్చు. (ఇంటి పన్ను ఏడాదిదంతా ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది. అది వేరే సంతోషం.) చాలా ధ్రువపత్రాలకు మీ వీధి సచివాలయం చాలు, 2025 జనవరి నుంచి "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే కొన్ని సేవలు దొరుకుతున్నాయి. మిగిలిన వాటిలో ఫోను చేసి కనుక్కోదగ్గవి కనుక్కోండి. "అద్దాలు వచ్చాయా?" అన్న ఒక్క ప్రశ్న ఒక వంతెనను మిగులుస్తుంది.

రోజు ఎంచుకోవడంలోనూ కొంత తెలివి కావాలి. సోమవారం వద్దు, అధికారులు అర్జీల కార్యక్రమంలో ఉంటారు, ఆఫీసు పని కదలదు. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులుండవు. ఆదివారం వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. మంగళ, బుధ, గురువారాలు మంచివి. మంగళవారం పని మొదలుపెట్టకూడదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. బ్యాంకు వరుస పొట్టిగా ఉండడానికి అలా అనుకునేవాళ్లే కారణం కావచ్చు, వాళ్లకు నా కృతజ్ఞతలు.

సంచిలో ఏమేమి

ఒకదాంట్లో ఒకటి మడిచిన రెండు గుడ్డ సంచులు, గొడుగు, నీళ్ల సీసా. ఆధార్ అసలుది, దాని జిరాక్సులు నాలుగు, ఫొటోలు రెండు. మీ సొంత పెన్ను. బ్యాంకులో దారంతో కట్టిన పెన్నుకు దారం మాత్రమే గట్టిది. పది రూపాయల నోట్లు ఒక కట్ట. ఫోనుతో డబ్బులిచ్చే అలవాటు ఎంత ఉన్నా, షేర్ ఆటో కదిలిపోయే హడావిడిలో కోడ్ మీద ఫోను పెట్టి ఎదురుచూసే ఓపిక వెనక కూర్చున్నవాళ్లకు ఉండదు.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. ఏ వస్తువుకు జోడీ కొనాలో ఆ వస్తువును వెంట తీసుకెళ్లండి. కుక్కరు గాస్కెట్ కావాలంటే పాత గాస్కెట్. జాకెట్టు గుడ్డ కావాలంటే చీర కొంగు మూల ముక్క. తాళం చెవి కావాలంటే తాళమే.

పొద్దున ఏడున్నర: గాంధీనగర్

టిఫిను బయటే చేయండి. దీన్ని దుబారా అనకండి. ఇంట్లో టిఫిను పూర్తయ్యేసరికి తొమ్మిదవుతుంది, తొమ్మిదికి బయటపడినవాడికి పదికి బ్యాంకు వరుసలో ముప్ఫయ్యో నంబరు వస్తుంది. గాంధీనగర్‌లో 1942 నుంచి నడుస్తున్న బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని బయలుదేరితే కడుపులో చల్లగా ఉంటుంది. జనం ఎక్కువగా ఉంటే పక్క సందులో పెసరట్టు ఎక్కడైనా దొరుకుతుంది.

గాంధీనగర్ గడిలో ఉన్న పనులను టిఫినుతో పాటే ముగించి, ఇక ఆ వైపు తిరిగి రానని ఒట్టు పెట్టుకోండి.

పది నుంచి పన్నెండున్నర: గవర్నరుపేట

ఏలూరు రోడ్డుకు, బందరు రోడ్డుకు మధ్యనున్న ఈ భాగమంతా కాళ్లతోనే తిరగాలి. బీసెంట్ రోడ్డు ఈ రెంటినీ కలుపుతుంది. అందులో ఆటో ఎక్కడమంత తెలివితక్కువ పని లేదు. తోపుడు బండ్ల మధ్య మీరు నడిచిన వేగానికి ఆటో అందుకోలేదు.

తొమ్మిదిన్నరకు ముందు తెరిచే కొట్టుంటే నానబెట్టేవి అప్పుడే ఇచ్చేయండి. పది కావడానికి పది నిమిషాల ముందు బ్యాంకు గుమ్మంలో ఉండండి. టోకెను తీసుకున్నాక మీ ముందు ఇరవైమంది ఉన్నారనుకోండి, ఆ కౌంటరు ఒకరికి ఎన్ని నిమిషాలు తీసుకుంటోందో రెండు టోకెన్లు గమనించండి. నాలుగైదు నిమిషాలైతే గంటకు పైగా సమయం ఉన్నట్టే. పక్క కుర్చీవారితో ఒక మాట చెప్పి, నానబెట్టే పని ఇంకా మిగిలి ఉంటే చేసి రండి. అయితే ఆరు టోకెన్లు మిగిలి ఉండగానే తిరిగి రావాలి. పింఛనుదారులు బతికున్నామని నిరూపించుకునే నవంబరులో మాత్రం ఈ సాహసం వద్దు. అప్పుడు కుర్చీ వదిలితే కుర్చీ పోతుంది.

పోస్టాఫీసులో ఒకటి తెలుసుకుని వెళ్లండి. ఇదివరకటి రిజిస్టరు ఉత్తరాల సేవ 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. "రిజిస్టరు చేయండి" అంటే కౌంటరులో ఇచ్చేది స్పీడ్ పోస్టే. చిరునామాలో పిన్‌కోడు, ఫోను నంబరు ఇంట్లోనే రాసుకుని వెళ్లండి. ఊళ్లో పంపేవాటికి కూడా పిన్ తప్పు రాస్తే కవరు ఊరంతా తిరుగుతుంది: వన్‌టౌన్ 520001, గవర్నరుపేట 520002, గాంధీనగర్ 520003. పార్సిలైతే మీ సొంత టేపు తీసుకెళ్లండి. కౌంటరు దగ్గర టేపు అడిగి తీసుకుంటే దానితో పాటు ఒక చూపు కూడా వస్తుంది.

నానినవన్నీ చేతికి వచ్చాక కాగితంలో ఆ గడిని అడ్డంగా కొట్టేయండి. ఆ గీత గీసేటప్పటి ఆనందం వేరు.

మధ్యాహ్నం: ఎండలోంచి తప్పుకోండి

ఈ ఊరిని బ్లేజువాడ అన్నవాడెవడో గానీ రోహిణి కార్తెలో వచ్చి ఉంటాడు. మార్చి నుంచి జూన్ దాకా పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు వీధిలో ఏ పనీ పెట్టుకోకండి. తప్పించుకోవడానికి గవర్నరుపేటలో చోటుకు కొదవ లేదు. భోజనం ఏదో ఒక మెస్సులో కానిచ్చి, ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణంలో ఫ్యాను కింద నిలబడండి. తెలుగు ప్రచురణ రంగానికి ఈ ఊరు పెద్ద దిక్కు, ఇక్కడి దుకాణాల్లో చదువుకుంటూ నిలబడితే ఎవరూ తరమరు. పిల్లలకు పాత పాఠ్యపుస్తకాలో, పోటీ పరీక్షల పుస్తకాలో కావాలంటే లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్లున్నాయి. మొదటి ధర విని బెదరకండి, అందులో సగం ఎండ తాపమే. 1911 నుంచి ఉన్న రామమోహన గ్రంథాలయం తెరిచి ఉండే వేళ తెలుసుకుని వెళ్తే పేపర్లు తిరగేయవచ్చు.

చలికాలంలో ఈ విరామం అక్కర్లేదు. నేరుగా వన్‌టౌన్‌కు వెళ్లిపోండి.

బస్సు, షేర్ ఆటో, సొంతానికి ఆటో

సిటీ బస్సులు పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గరి నుంచే బయలుదేరతాయి. బోర్డు మీద చివరి ఊరి పేరు ఒక్కటే చూసి ఎక్కకండి. "ఏలూరు రోడ్డా, బందరు రోడ్డా?" అని కండక్టరును అడగండి. ఒకే ఊరికి రెండు దారుల్లో వెళ్లే బస్సులుంటాయి, తప్పు దారిదైతే కాలువకు అవతల దిగుతారు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచితం. రాష్ట్రంలోనే ఉంటున్నట్టు చూపే ఆధార్ వంటి కార్డు ఉండాలి, సున్నా టికెట్టు తప్పకుండా తీసుకోవాలి. ఇది వచ్చాక మా ఇంట్లో వన్‌టౌన్ పనులు చాలావరకు మా ఆవిడ చేతికి వెళ్లిపోయాయి. ఆమె పనితో పోలిస్తే నాది నత్తనడక అని తేలింది కూడా.

షేర్ ఆటో పెద్ద రోడ్లకు బాగుంటుంది. ఎక్కేముందే ఎంతో అడగండి, దిగే చోటును సెంటరు పేరుతో చెప్పండి. వీధి పేరు, ఇంటి నంబరు చెప్పి లాభం లేదు. డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చోమంటే ఎక్కకండి, వెనకే ఇంకొకటి వస్తుంది.

నాలుగు గంటలకు: వన్‌టౌన్

ఇక్కడికి రావాలంటే పట్టాలు దాటాలి. రైల్వే స్టేషనుకు తూర్పున ఒక గుమ్మం, తారాపేట వైపు మరొకటి ఉన్నాయి. లోపలి వంతెన మీదుగా నడిచి దాటేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ప్లాట్‌ఫారం టికెట్టు లేకుండా దొరికితే కట్టే జరిమానా ముందు ఆటో చవక. కంట్రోల్ రూము మీదుగా కాళేశ్వరరావు మార్కెట్ వైపు ఆటోలు దొరుకుతాయి. గట్టి వాన పడితే లోబ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. అలాంటి రోజు అటు వెళ్లే ఆటో ఎక్కేముందు దారిని ఎదురొచ్చే ఆటోవాడిని అడగండి, మీ ఆటోవాడిని కాదు. మీ ఆటోవాడు "ఏమీ ఉండదండీ" అంటాడు.

దసరా పది రోజులు ఈ లంక మీది కాదు. ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో దారులన్నీ మళ్లించేస్తారు. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజులూ అంతే. ఆ రోజుల్లో గాస్కెట్ లేకుండానే పప్పు ఉడికించుకోవాలి.

పంజా సెంటరు, నెహ్రూ బొమ్మ, సామరంగం చౌక్ లాంటి గుర్తుల్లో ఒకదాని దగ్గర దిగి, ఇక నడవండి. సందులు ఇరుకు. కొనడంలో వరుస ఇది: తేలికైనవి, తర్వాత పెళుసైనవి, ఆఖరున బరువైనవి.

వస్త్రలత బట్టల మార్కెట్‌లోనో పక్క వీధుల్లోనో లైనింగు గుడ్డ కొంటే, చీర ముక్కతో పాటు కొట్టు బయటికి వచ్చి వెలుతురులో రంగు సరిచూడండి. లోపలి దీపాల కింద ముదురు ఆకుపచ్చ, నెమలికంఠం రంగు అన్నదమ్ముల్లా ఉంటాయి. బయటికొస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వెలుతురు పోకముందే ఈ పని కావాలి కాబట్టి, వన్‌టౌన్‌లో గుడ్డ మొదటిది.

గాస్కెట్ల కొట్టులో మేకులకు నల్ల గాజుల దండల్లా వేలాడుతుంటాయి. "ఐదు లీటర్లది ఇవ్వండి" అంటే కొట్టాయన ఏ కంపెనీ, మూత లోపలికా, పైకా, అల్యూమినియమా, స్టీలా అని నాలుగు ప్రశ్నలు వేస్తాడు. సంచిలోంచి పాతది తీసి బల్ల మీద పెట్టండి. ఆయన మాట్లాడకుండా దాని మీద ఒక కొత్తది పరిచి, అంచు వెంట బొటనవేలితో గుండ్రంగా తిప్పి, సరిపోకపోతే ఇంకొకటి పరుస్తాడు. అర నిమిషం పని. పాతది సాగి ఉంటుంది కాబట్టి కొత్తది కొంచెం బిగువుగా ఉన్నదే సరైనది. అక్కడే విజిలు, సేఫ్టీ వాల్వు కూడా తీసుకోండి. ఒకటి పోయిన ఏడాదిలో మిగతా రెండూ పోతాయి.

బరువైనది ఏదైనా ముందే నచ్చితే డబ్బిచ్చి, బిల్లు తీసుకుని, "వెళ్లేటప్పుడు తీసుకుంటాను, పక్కన పెట్టండి" అనండి. మీ పేరు రాయించండి. కాదన్న కొట్టు నేను చూడలేదు. అయితే కొట్టు ఎన్నింటికి కట్టేస్తారో అడిగి రండి.

కూరలు ఆఖరు. కాళేశ్వరరావు మార్కెట్‌లోకి రెండో సంచి విప్పి అడుగుపెట్టండి. దుంపలు అడుగున, ఆకుకూరలు పైన, టమాటాలు చేతిలో.

తిరుగు ప్రయాణం

ఇప్పుడు మాత్రం షేర్ ఆటో కోసం చూడకండి. రెండు సంచులు, అలసిన కాళ్లు, ఆరున్నర రద్దీ. రోజంతా బస్సుల్లో, నడకలో మిగిల్చిన డబ్బులో కొంత ఈ ఒక్క ఆటోకు ఇచ్చుకోవచ్చు. మార్కెట్ గుమ్మం ముందు కాకుండా వంద అడుగులు దాటి ఆటో అడగండి. కూరల సంచితో గుమ్మంలో నిలబడిన మనిషిని చూస్తే ఆటోవాడికి ధర దానంతటదే పెరుగుతుంది.

ఇంటికి వచ్చి నీళ్లు తాగాక, మరిచిపోకముందే కాగితం తీయండి. మిగిలిన పనులను కొత్త కాగితంలో అదే లంక గడిలోకి ఎక్కించండి. రేపటి ఖాతాలో వేయకండి. మళ్లీ ఆ లంకకు వెళ్లే రోజు వచ్చినప్పుడు అవి అక్కడే కాచుకుని ఉంటాయి. నా వన్‌టౌన్ గడిలో "జాడీ మూత" అన్న పని రెండేళ్లుగా కాగితం నుంచి కాగితానికి మారుతోంది. ఇప్పటికి ఐదు కొట్లు అడిగాను. మూత ఒక్కటే అమ్మరట.